పిల్లలకు తట్టు పోస్తే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో పిల్లలకు జ్వరంతో వచ్చే దద్దుర్ల గురించి రాశాక అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తట్టు మీదే ఉన్నాయి. కొందరు పొంగు అన్నారు, కొందరు మీజిల్స్ అన్నారు. జబ్బు ఒకటే. ఒకే సందేహం పలువురు అడిగినచోట ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: మా బాబుకు రెండున్నరేళ్లు. నాలుగు రోజులుగా జ్వరం, జలుబు, పొడి దగ్గు. కళ్లు ఎర్రబడి వెలుతురు చూడలేకపోతున్నాడు. నిన్నటి నుంచి చెవుల వెనక, నుదుటి మీద ఎర్రగా దద్దుర్లు వచ్చాయి. ఇది తట్టా, ఆటలమ్మా? లేక మందు పడలేదా?

జవాబు: మీరు రాసిన వరస చూస్తే తట్టు అనే అనుమానించాలి. ఈ జబ్బును పట్టించేది దద్దురు ఆకారం కంటే అది వచ్చిన క్రమం. వైరస్ ఒంట్లో చేరిన 10, 12 రోజులకు జ్వరం మొదలవుతుంది. దాంతోపాటే దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటం. ఈ దశలో ఎవరు చూసినా మామూలు జలుబే అనుకుంటారు. మూడు నుంచి అయిదు రోజులు అలా గడిచాక, జ్వరం ఇంకా పెరుగుతున్నప్పుడు, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటా చెవుల వెనకా దద్దుర్లు కనిపిస్తాయి. అక్కడి నుంచి ముఖం, మెడ, ఛాతీ, చేతులు, చివరికి పాదాలు. పైనుంచి కిందికి దిగడానికి సుమారు మూడు రోజులు పడుతుంది. తగ్గేటప్పుడు కూడా అదే వరసలో ముఖం నుంచి తగ్గుతూ వస్తుంది, గోధుమరంగు మచ్చ మిగులుతుంది, సన్నగా పొట్టు రాలుతుంది.

దద్దురు రావడానికి ఒకటి రెండు రోజుల ముందే నోట్లో ఒక గుర్తు దొరుకుతుంది. టార్చిలైటు పట్టుకుని, చెంచా కాడతో బుగ్గను కాస్త పక్కకి లాగి, దవడ పళ్లకు ఎదురుగా ఉండే లోపలి పొరను చూడండి. ఎర్రటి గుడ్డ మీద ఉప్పు రవ్వలు చల్లినట్టు చిన్న తెల్ల చుక్కలుంటాయి. వీటిని కాప్లిక్ మచ్చలంటారు, 1896లో హెన్రీ కాప్లిక్ అనే పిల్లల వైద్యుడు వీటి గురించి రాశాడు. రెండు మూడు రోజుల్లో మాయమైపోతాయి కాబట్టి, కనిపించలేదని తట్టు కాదనుకోవద్దు.

ఆటలమ్మలో నీటి పొక్కులుంటాయి. అవి విడతలు విడతలుగా వస్తాయి, ఒకే చోట కొత్త పొక్కు, పగిలిన పొక్కు, చెక్కు కట్టిన పొక్కు పక్కపక్కనే కనిపిస్తాయి. తట్టులో నీరుండదు. రుబెల్లా అనే ఇంకో వైరస్ జబ్బులో జ్వరం తక్కువ, చెవుల వెనక, మెడ వెనక బిళ్లలు కడతాయి, దద్దురు మూడు రోజుల్లో పోతుంది. పాలు తాగే పిల్లల్లో మూడు నాలుగు రోజులు తీవ్రంగా కాసి, జ్వరం పూర్తిగా దిగిపోయాక దద్దురు వస్తే అది రోజియోలా. తట్టులో జ్వరమూ దద్దురూ కలిసే ఉంటాయి. మందు పడకపోతే వచ్చే దద్దురు దురద పెడుతుంది. దానికి ముందు ఇంత దగ్గు, ఎర్ర కళ్లు సాధారణంగా ఉండవు.

ముదురు రంగు ఒంటిమీద ఎరుపు సరిగా కనపడదు. పక్కనుంచి వెలుతురు పడేలా నిలబెట్టి చూడండి, అరచేత్తో రాసి చూడండి. గరుకుగా తగులుతుంది.

నిర్ధారణకు రక్తంలో ఐజీఎం పరీక్ష చేస్తారు, అంటే జబ్బు కొత్తగా సోకినప్పుడు వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను వెతుకుతారు. అయితే దద్దురు వచ్చిన మొదటి మూడు రోజుల్లో తీసిన రక్తంలో అది బయటపడకపోవచ్చు. అందుకే గొంతులోంచో ముక్కులోంచో దూదిపుల్లతో నమూనా తీసి, వైరస్‌నే నేరుగా పట్టుకునే పీసీఆర్ పరీక్షకూ పంపుతారు. బాబును డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, కానీ ముందు ఫోన్ చేసి చెప్పండి. మిగతా పిల్లలు కూర్చునే గదిలో అతన్ని కూర్చోబెట్టకూడదు. కారణం కింద ఇంకో జవాబులో ఉంది.

ప్రశ్న: తట్టుకు మందే లేదంటారు. దానంతటదే తగ్గేదానికి ఆసుపత్రి ఎందుకు?

జవాబు: వైరస్‌ను చంపే మందు లేదన్నది నిజమే. తగ్గేది దద్దురు. పిల్లల్ని బలితీసుకునేది మాత్రం దద్దురు కాదు, దాని వెనక వచ్చే న్యుమోనియా, నీళ్ల విరేచనాలు, మెదడు వాపు. ఈ వైరస్ ఊపిరితిత్తుల లోపలి పొరనూ పేగు పొరనూ పాడుచేస్తుంది. రోగనిరోధక కణాలనే తొలుస్తుంది. ఆ తెరిచిన తలుపులోంచి బాక్టీరియా వస్తుంది. దాదాపు పదిమందిలో ఒకరికి చెవిలో చీము, ఇరవైమందిలో ఒకరికి న్యుమోనియా, వెయ్యిమందిలో ఒకరికి మెదడు వాపు వస్తాయి. అయిదేళ్ల లోపు వారికి, తిండి చాలక బక్కచిక్కినవారికి, విటమిన్-ఎ లోపం ఉన్నవారికి ముప్పు ఇంకా ఎక్కువ.

కాబట్టి ఒంటిమీద మచ్చలు ఎన్ని వచ్చాయని చూసుకునే బదులు ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా, నిమ్మళంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండు నిమిషం పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయొద్దు, పసిపిల్లల ఊపిరి ఒకే తీరున నడవదు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకు మించి, 2 నుంచి 11 నెలల బిడ్డకు 50 లేదా అంతకు మించి, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు 40 లేదా అంతకు మించి ఉంటే అది వేగంగా ఉన్నట్టే. జ్వరం బాగా ఉన్నప్పుడు కొంత పెరుగుతుంది కనుక జ్వరం దిగాక మరోసారి లెక్కపెట్టండి. అప్పుడూ ఎక్కువే ఉంటే ఆ రోజే చూపించాలి.

కొన్నింటికి లెక్కతో పనిలేదు, వెంటనే బయల్దేరాలి: ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోవడం, గాలి లోపలికి పీల్చేటప్పుడు గొంతులో కూత, తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, పిలిచినా కళ్లు తెరవని మగత, నల్లగుడ్డు మీద తెల్లటి మసక. ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. దద్దురు వచ్చిన నాలుగు రోజులకు జ్వరం దిగడం మొదలవ్వాలి. దిగకపోయినా, ఒకరోజు దిగి మళ్లీ ఎగసినా అది తట్టు జ్వరం కాదు, కొత్తగా చేరిన బాక్టీరియా పనై ఉండొచ్చు.

యాంటీబయాటిక్‌లు వైరస్‌పై పనిచేయవు. చెవిలో చీము, న్యుమోనియా లాంటివి తేలితేనే వాడతారు. అందరికీ ముందుజాగ్రత్తగా ఇవ్వడం సరికాదు.

ప్రశ్న: డాక్టరు గారు విటమిన్-ఎ రెండు రోజులు వేయించమన్నారు. పాపకు చూపు బాగానే ఉంది కదా, ఎందుకు? మిగిలిన సీసా రోజూ కొంచెం వేయొచ్చా?

జవాబు: తట్టులో ఒంట్లోని విటమిన్-ఎ నిల్వ ఒక్కసారిగా పడిపోతుంది, అంతకుముందు బాగా తింటున్న పిల్లల్లో కూడా. అది తగ్గితే కంటి నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది, ఊపిరితిత్తుల పొర మానదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తట్టు పోసిన ప్రతి బిడ్డకూ ఇవ్వమంటుంది. మోతాదు వయసును బట్టి: ఆరు నెలల లోపు 50,000 యూనిట్లు, 6 నుంచి 11 నెలలకు 1,00,000, ఏడాది దాటితే 2,00,000. రోజుకు ఒకసారి, వరసగా రెండు రోజులు. కంటిలో విటమిన్-ఎ లోపం గుర్తులుంటే నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత మూడో మోతాదు. ద్రావణమైతే ఎం.ఎల్.కు ఎన్ని యూనిట్లో సీసా మీద చూసి కొలవాలి. క్యాప్సూల్ అయితే మొన కత్తిరించి నోట్లో పిండాలి, పసిబిడ్డ చేత మింగించకూడదు. ఈమధ్యే విటమిన్-ఎ వేయించి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి.

మిగిలింది రోజూ వేయొచ్చా అంటే, ససేమిరా వద్దు. సి విటమిన్‌లా ఇది మూత్రంలో పోదు, కాలేయంలో పేరుకుంటుంది. ఎక్కువైతే వాంతులు, తలనొప్పి, కాలేయం దెబ్బతినడం. ఇది చికిత్స, అంతే. తట్టు రాకుండా ఆపదు, టీకాకు బదులు కాదు.

ప్రశ్న: జ్వరం 104 దాకా వెళ్తోంది. పారాసిటమాల్ ఎంత వేయాలి? సీసా మీద ఒక లెక్క, పక్కింటి వాళ్లు చెప్పేది ఇంకో లెక్క.

జవాబు: వయసు లెక్క వదిలేయండి, బరువు లెక్క చూడండి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఒక మోతాదు. మోతాదుకీ మోతాదుకీ కనీసం 4 గంటలు, వీలైతే 6 గంటలు. 24 గంటల్లో నాలుగు మోతాదులు దాటకూడదు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే సీసాల్లో. 10 కిలోల బిడ్డను తీసుకోండి. 150 మి.గ్రా. కావాలి. 5 ఎం.ఎల్.లో 250 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 3 ఎం.ఎల్. చాలు. 5 ఎం.ఎల్.లో 120 మి.గ్రా. ఉండేదైతే 6 ఎం.ఎల్.కి కాస్త పైన. అదే డ్రాపర్‌తో వచ్చే చుక్కల మందు ఒక ఎం.ఎల్.లోనే 100 మి.గ్రా. ఉంటుంది, అది ఒకటిన్నర ఎం.ఎల్. మాత్రమే. సిరప్ అయిపోయిందని చుక్కల మందును అదే కొలతకు, 6 ఎం.ఎల్. పోస్తే 600 మి.గ్రా. పడుతుంది, నాలుగింతలు. అలా రెండు మూడు సార్లు పడితే కాలేయం దెబ్బతింటుంది. జలుబు సిరప్‌ల్లోనూ పారాసిటమాల్ కలిపి ఉంటుంది, లేబుల్ చదవకుండా రెండూ కలిపి వేయొద్దు. వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో కొలత, సూదిలేని సిరంజితో కొలవండి.

ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకండి. వైరస్ జ్వరాల్లో దానితో రెయ్ సిండ్రోమ్ అనే జబ్బు రావచ్చు, అది మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీస్తుంది.

దద్దురు పొడుచుకొచ్చే రోజుల్లో 104 రావడం తట్టులో మామూలే. మందు వేసినా పూర్తిగా దిగకపోవచ్చు. బిడ్డకు హాయిగా ఉండి నాలుగు గుక్కలు తాగగలిగితే మందు తన పని చేసినట్టే. థర్మామీటర్ అంకె కోసం మోతాదులు పెంచొద్దు.

ప్రశ్న: కళ్లు పుసులు కట్టి అంటుకుపోతున్నాయి, నోట్లో పుళ్లు. ఏమీ తాగడం లేదు.

జవాబు: నీళ్లు మరగబెట్టి చల్లార్చండి. శుభ్రమైన మెత్తటి గుడ్డ ముంచి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు ఒక్కసారి తుడిచి ఆ గుడ్డ పక్కన పెట్టేయండి. రెండో కంటికి వేరే గుడ్డ. నీళ్లగా కారుతుంటే ఇది చాలు. చీము పడుతుంటే డాక్టరు టెట్రాసైక్లిన్ కంటి ఆయింట్‌మెంట్ రాస్తారు. ఇంట్లో ఎప్పటిదో కంటిచుక్కల సీసా ఉందని వేయకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే నల్లగుడ్డు మీది పుండు ముదిరిపోతుంది. తట్టు తర్వాత చూపు పోయిన పిల్లల్లో కొందరి కథ ఇదే. వెలుతురు గుచ్చుకుంటుంటే గది కాస్త మసకగా ఉంచండి, కానీ కిటికీలు మూసేయొద్దు.

నోటికి: ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లతో రోజుకు నాలుగుసార్లు శుభ్రం చేయండి. పుక్కిలించడం రాని పిల్లలకు ఆ నీళ్లలో ముంచిన గుడ్డ వేలికి చుట్టి తుడవాలి. పులుపు, కారం, వేడి తగిలితే మంటపెట్టి నోరు మూసేస్తారు. చల్లగా, మెత్తగా ఉన్నవి చెంచాతో కొంచెం కొంచెంగా. పారాసిటమాల్ వేసిన అరగంటకు నొప్పి తగ్గుతుంది, తాగించడానికి అదే అదను.

విరేచనాలుంటే ఓఆర్ఎస్ ఇవ్వండి. ప్యాకెట్టు మీద రాసినంత నీటిలోనే, సాధారణంగా లీటరులో, ప్యాకెట్టంతా ఒకేసారి కలపాలి. గ్లాసుడు నీళ్లలో చిటికెడు చొప్పున కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి, చిక్కనైతే బిడ్డకు ప్రమాదం. ప్రతి విరేచనానికీ రెండేళ్ల లోపు వారికి 50 నుంచి 100 ఎం.ఎల్., పైవారికి 100 నుంచి 200 ఎం.ఎల్. కక్కితే పది నిమిషాలు ఆగి, ఈసారి ఇంకా మెల్లగా పట్టండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా ఇంట్లో ఉంచుకోకూడదు.

ప్రశ్న: తిండి తగ్గించాలా? ఒళ్లు తుడవొచ్చా?

జవాబు: తగ్గించకూడదు, పెంచాలి. తల్లిపాలు ఆపొద్దు. ఒళ్లు గోరువెచ్చని నీటితో తుడవొచ్చు, స్నానం చేయించొచ్చు. నీళ్లు తగిలితే తట్టు లోపలికి పోదు, పొడుచుకు రావడానికి ఏ సాయమూ అక్కర్లేదు.

ప్రశ్న: పెద్దవాడికి నిన్న తట్టు అని తేలింది. ఇంట్లో ఏడు నెలల పాప ఉంది, మా ఆడపడుచు నిండు గర్భిణి. వేరే గదిలో ఉంచితే సరిపోతుందా?

జవాబు: ఈ వారం ఉత్తరాల్లో అన్నిటికన్నా తొందరపడాల్సింది మీరే. తట్టు గాలిలో వ్యాపిస్తుంది. రోగి దగ్గి వెళ్లిపోయాక కూడా వైరస్ ఆ గది గాలిలో రెండు గంటల వరకు ఉంటుంది. రక్షణ లేనివాళ్లు దగ్గరగా మెలిగితే పదిమందిలో తొమ్మిదిమందికి అంటుకుంటుంది. పైగా దద్దురు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటుతుంది, కనిపించాక ఇంకో నాలుగు రోజులు. అంటే మీకు తెలిసేసరికి పాపకు సోకే అవకాశం ఎప్పుడో వచ్చేసింది. గది వేరు చేయడం మంచిదే, కానీ దాని మీదే భరోసా పెట్టుకోలేం.

ఇక్కడ గడియారం ముఖ్యం. వైరస్ తగిలిన 72 గంటల్లోపు టీకా వేస్తే జబ్బును ఆపగలదు, లేదా తేలికపరుస్తుంది. ఆరు నెలలు నిండిన పాపకు వేయొచ్చు. కానీ ఒకే ఇంట్లో ఆ 72 గంటలు దద్దురు కనబడక ముందే దాటిపోయి ఉంటాయి. అప్పుడు మిగిలేది ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్, అంటే ఇతరుల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు. తగిలిన ఆరు రోజుల్లోపు ఇవ్వాలి. దద్దురు రాకముందు నాలుగు రోజులు లెక్కలోంచి తీసేస్తే, దద్దురు కనిపించిన రోజు నుంచి మీ చేతిలో ఉన్నది సుమారు రెండు రోజులే. రేపు చూద్దాం అనుకోవడానికి వీల్లేదు.

మీ ఆడపడుచు చిన్నప్పుడు రెండు టీకాలు వేయించుకున్నట్టు కాగితం ఉంటే భయం లేదు. లేకపోతే వెంటనే రక్తంలో ఐజీజీ పరీక్ష (ముందునుంచీ ఉన్న రక్షణను చూపేది) చేయించి, రక్షణ లేదని తేలితే ఆరు రోజుల్లోపే నరంలోకి ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఎక్కించాలి. గర్భిణికి ఈ టీకా వేయకూడదు. గర్భంలో తట్టు వస్తే గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు, ఆమెకే న్యుమోనియా వచ్చే ముప్పు ఉంటాయి. క్యాన్సర్ మందులు వాడుతున్నవారికీ, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికీ ఇదే తొందర.

పెద్దవాడిని బడికి ఎప్పుడు పంపాలంటే, దద్దురు మొదటిసారి కనిపించిన రోజును సున్నాగా పెట్టుకుని నాలుగు రోజులు పూర్తిగా గడిచాక, ఒంట్లో బాగుంటే. పాపను మాత్రం 21 రోజులు కనిపెట్టుకుని ఉండండి, ఇమ్యూనోగ్లోబ్యులిన్ పడితే 28 రోజులు. అది జబ్బు బయటపడటాన్ని ఆలస్యం చేయగలదు. ఆ ఇంజెక్షన్ పడ్డాక తట్టు టీకాకు కనీసం ఆరు నెలలు ఆగాలి, లేకపోతే అరువు తెచ్చిన యాంటీబాడీలు టీకాను పనిచేయనివ్వవు.

ప్రశ్న: పుట్టగానే వేయకుండా తొమ్మిది నెలల దాకా ఎందుకు ఆగుతారు? ఒకసారి వేశాక బూస్టర్ అవసరమా? మా పాపకు ఒక డోసు పడ్డాక కూడా తట్టు వచ్చింది.

జవాబు: మూడు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే ఉంది. తల్లి యాంటీబాడీలు కడుపులోనే బిడ్డకు చేరతాయి. కొన్ని నెలలు కాపాడతాయి. కానీ టీకాలో ఉన్నది బలహీనపరిచిన సజీవ వైరస్. తల్లి యాంటీబాడీలు దాన్ని కూడా తుడిచేస్తాయి. నెలలు గడిచేకొద్దీ అవి తగ్గిపోతాయి, ఒక్కో బిడ్డలో ఒక్కో వేగంతో. తొమ్మిది నెలలకు వేస్తే నూటికి 85 మందికి రక్షణ వస్తుంది, ఏడాదికి వేస్తే 95 మందికి. మరి ఏడాది దాకా ఆగొచ్చు కదా అంటే, తట్టు తిరుగుతున్నచోట ఆ మూడు నెలల్లో సోకే పిల్లలే ఎక్కువ కష్టపడతారు. అందుకే అక్కడ 9 నెలలకు మొదటిది, 15 నుంచి 18 నెలల మధ్య రెండోది. జబ్బు అరుదైనచోట ఏడాదికి మొదలుపెడతారు.

ఇప్పుడు రెండో డోసు. బూస్టర్ అన్న మాటే దారి తప్పిస్తోంది. మొదటిది పనిచేసినవారికి రెండోది పెద్దగా అక్కర్లేదు. పనిచేయని ఆ 15 మంది ఎవరో పైకి తెలియదు కాబట్టి అందరికీ మరోసారి వేస్తారు. మీ పాప ఆ పదిహేనులో ఒకరై ఉండొచ్చు. రెండు డోసులు పడితే నూటికి సుమారు 97 మందికి రక్షణ ఉంటుంది. ఊళ్లో వ్యాప్తి ఆగాలంటే నూటికి 95 మందికి రెండు డోసులూ పడాలి, ఇంత ఎక్కువ శాతం కావలసిన జబ్బులు చాలా తక్కువ.

టీకా పనిచేయకపోవడానికి ఇంకో కారణం వేడి. ఇది పొడి రూపంలో వస్తుంది, దాని ద్రావకంతోనే కలపాలి. కలిపాక 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా ఉంచి, ఆరు గంటలు దాటకుండా వాడేయాలి. కొన్నిచోట్ల గడువు ఇంకా తక్కువ. మిగిలింది పారేయాలి, రేపటికి దాచితే పనిచేయకపోవడం ఒక్కటే కాదు, అందులో బాక్టీరియా పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. సీసా ఎప్పుడు కలిపారని అడగడానికి మొహమాటపడకండి.

డోసు తప్పిపోయి ఏళ్లు గడిచినా మొదటినుంచీ మొదలుపెట్టక్కర్లేదు. తప్పింది వేయించండి, రెండింటి మధ్య కనీసం నాలుగు వారాలుంటే చాలు. తట్టు ప్రబలినప్పుడు ఆరు నెలలకే ముందస్తు డోసు వేస్తారు. అది లెక్కలోకి రాదు, తర్వాత రెండూ మామూలుగా పడాల్సిందే.

ప్రశ్న: టీకా వేసిన పదోరోజున జ్వరం, కాస్త దద్దురు వచ్చాయి. టీకాయే తట్టు తెచ్చిందా? ఆటిజం వస్తుందని కూడా విన్నాం.

జవాబు: సజీవ టీకా ఒంట్లో వారం రోజులు పెరిగి పని మొదలుపెడుతుంది కాబట్టి 7 నుంచి 12 రోజుల మధ్య నూటికి 5 నుంచి 15 మందిలో జ్వరం, సుమారు అయిదుగురిలో దద్దురు వస్తాయి. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. మూడు నాలుగు వేల డోసులకు ఒకసారి జ్వరంతో ఫిట్స్ రావచ్చు, దానివల్ల మెదడుకు శాశ్వత నష్టం ఉండదు. తొలిరోజే జ్వరం వస్తే అది సాధారణంగా ఈ టీకాది కాదు, ఆ రోజు పక్కన వేసిన వేరే టీకాది కావచ్చు.

చిన్న జలుబు, కొద్దిపాటి జ్వరం ఉన్నా టీకా వేయించొచ్చు. గుడ్డు పడకపోయినా వేయించొచ్చు. వేయకూడనివారు: గర్భిణులు, రోగనిరోధక శక్తి తీవ్రంగా దెబ్బతిన్నవారు, గత డోసుకో, టీకాలో ఉండే జెలటిన్‌కో, నియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కో ప్రాణాపాయమైన అలర్జీ వచ్చినవారు.

ఆటిజం మాటకు మూలం 1998లో 12 మంది పిల్లల మీద బ్రిటన్ వైద్యుడు ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన వ్యాసం. 2010లో ఆ పత్రిక దాన్ని పూర్తిగా ఉపసంహరించుకుంది, అదే ఏడాది బ్రిటన్ వైద్య మండలి వేక్‌ఫీల్డ్ పేరును వైద్యుల జాబితాలోంచి తొలగించింది. 2019లో డెన్మార్క్‌లో ఆరున్నర లక్షలకు పైగా పిల్లలను గమనించిన అధ్యయనంలో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపిన టీకా) వేయించుకున్నవారికీ వేయించుకోనివారికీ మధ్య ఆటిజంలో తేడా కనిపించలేదు. ఆటిజం లక్షణాలు తల్లిదండ్రుల కంటపడే వయసూ టీకా వయసూ ఒకటే కావడం ఈ గందరగోళానికి ఆజ్యం పోసింది.

ప్రశ్న: తట్టు తగ్గి నెల దాటింది. బిడ్డ ఇంకా పుంజుకోలేదు, ఏదో ఒక జబ్బు పడుతూనే ఉంది.

జవాబు: అది మీ పొరపాటు కాదు. తట్టు వైరస్ రోగనిరోధక జ్ఞాపకాన్నే చెరిపేస్తుంది. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో టీకా వేయించుకోని పిల్లల్లో అంతకుముందున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం వరకు పోయినట్టు తేలింది. ఒకసారి వచ్చి ఇక రావనుకున్న జబ్బులకు ఒళ్లు మళ్లీ కొత్తదవుతుంది. ఆ ప్రభావం నెలల తరబడి, కొందరిలో రెండు మూడేళ్లు ఉండొచ్చు.

కనీసం రెండు వారాలు రోజుకు ఒక పూట తిండి అదనంగా పెట్టండి. వారానికోసారి బరువు తూచండి, పెరగకపోతే చూపించండి. మసక వెలుతురులో తడుముకుంటుంటే రేచీకటి అని అనుమానించాలి. మూడు వారాలకు మించి దగ్గు ఉంటే క్షయ పరీక్ష అడగండి. తట్టు తర్వాత నిద్రాణంగా ఉన్న క్షయ పైకి రావచ్చు, పైగా చర్మం మీద చేసే క్షయ పరీక్ష కొన్ని వారాలు తప్పుగా నెగెటివ్ చూపించవచ్చు. ఆ సంగతి డాక్టరుకు గుర్తుచేయండి.

చాలా అరుదుగా, తట్టు వచ్చిన ఏడు నుంచి పదేళ్లకు ఎస్ఎస్‌పీఈ అనే మెదడు జబ్బు వస్తుంది. చదువులో వెనకబడటం, స్వభావం మారడం, తర్వాత ఉన్నట్టుండి చేతులు కాళ్లు ఎగిరిపడటం. దానికి నయం చేసే మందు లేదు. రెండేళ్ల లోపు తట్టు సోకినవారిలో ఈ ముప్పు ఎక్కువ. దాన్ని ఆపగలిగింది తట్టు రాకుండా చూడటం ఒక్కటే.

ప్రశ్న: ఒకసారి వస్తే మళ్లీ రాదంటారు. అయితే మా అబ్బాయికి ఇక టీకా అక్కర్లేదా?

జవాబు: రాదన్నది నిజం, దానికి ముచ్చటైన ఆధారం కూడా ఉంది. 1846లో ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవుల్లో తట్టు ప్రబలితే పీటర్ పానుమ్ అనే యువ డేనిష్ వైద్యుడిని అక్కడికి పంపారు. సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మంది పడకేశారు. అయితే 1781లో, అంటే 65 ఏళ్ల కిందట, అక్కడ తట్టు వచ్చినప్పుడు సోకిన ముసలివాళ్లలో ఒక్కరికీ మళ్లీ రాలేదని అతను గమనించాడు. సోకాక దద్దురుకు సుమారు 14 రోజులు పడుతుందని లెక్కగట్టిందీ అతనే.

అయినా టీకా వేయించండి. మీ అబ్బాయికి వచ్చింది తట్టేనని రక్తపరీక్షతో తేలిందా, లేక దద్దురు చూసి అనుకున్నదా? పరీక్ష లేకుండా చూపుతో చెప్పినవాటిలో రుబెల్లా, రోజియోలా చాలా కలిసిపోతాయి. తట్టే అయినా, అదే సూదిలో రుబెల్లా రక్షణ ఉంది, ఎంఎంఆర్ అయితే గవదబిళ్లలదీ ఉంది. ఇప్పటికే రక్షణ ఉన్నవారికి మరో డోసు పడితే హాని లేదు. జ్వరం పూర్తిగా తగ్గి కోలుకున్నాక, కార్డు తీసుకుని వెళ్లండి. వేసిన తేదీ అందులో రాయించుకోవడం మరవొద్దు, పదేళ్ల తర్వాత ఎవరైనా అడిగేది ఆ తేదీనే.